గాలి టార్చా, నీళ్ల టార్చా? ఆర్గాన్ వెల్డింగ్ వెనుక ఉన్న చరిత్ర

డబ్లిన్ (అమెరికా): మన క్యాంపుల్లో వెల్డర్లకు కొదవ లేదు. సెలవు మీద ఇంటికి వెళ్లే ముందు ‘ఒక చిన్న ఆర్గాన్ సెట్టు కొనుక్కుపోతే ఊళ్లో సొంతంగా పని చేసుకోవచ్చు’ అని లెక్కలు వేసుకునేవాళ్లు ప్రతి క్యాంపులో కనిపిస్తారు. ఇక్కడ కాలిఫోర్నియాలోని డబ్లిన్ పట్టణంలో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఇళ్లకు కారు గ్యారేజీలు ఉంటాయి కాబట్టి, ఓ మూల టిగ్ మెషీన్ పెట్టుకుని సెలవు రోజుల్లో సరదాగా అతుకులు వేసుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు. ఊళ్లో షెడ్డు వేసుకునే చేయి తిరిగిన వెల్డరుకైనా, గ్యారేజీలో నేర్చుకునే కొత్తవాడికైనా దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. టార్చి గాలితో చల్లబడేది తీసుకోవాలా, నీళ్లతో చల్లబడేది తీసుకోవాలా?

ఇది చిన్న ప్రశ్న కాదు. నీళ్ల టార్చి అంటే టార్చి ఒక్కటే కాదు. దాని వెంట కూలర్, పంపు, గొట్టాలు, వాటి మరమ్మతులు అన్నీ వస్తాయి. నెలల తరబడి దాచుకున్న డబ్బు అక్కడ ఖర్చయిపోతే రేపు గ్యాసు సిలిండరుకో, ఫిల్లర్ రాడ్లకో చేతిలో మిగలదు. కంపెనీలో నీళ్ల టార్చి పట్టినవాళ్లకు గాలి టార్చి అంటే కాస్త చిన్నచూపు కూడా ఉంటుంది. ఈ రెండు టార్చులూ ఎందుకు పుట్టాయో, ఏది ఎవరి కోసం పుట్టిందో తెలుసుకుంటే ఆ చిన్నచూపు పోతుంది. ఎవరికి ఏది కావాలో కూడా తేలికగా తేలుతుంది. అందుకే ఈ వారం ఆ కథ చెబుతున్నాం.

గుంటూరు ఆకాశంలో మొదటి ఆనవాలు

టిగ్ వెల్డింగ్‌ను మనవాళ్లు ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. కానీ ఈ టార్చిలో మొదట పారిన గ్యాసు ఆర్గాన్ కాదు, హీలియం. ఆ హీలియం కథ మొదలైన చోట్లలో మన తెలుగు నేల కూడా ఉంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అది బాగా కనిపించే దారిలో మన కోస్తా ఉంది. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును పరికరాలతో విడదీసి చూసినప్పుడు ఒక పసుపుపచ్చ గీత కంటబడింది. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ కూడా అలాంటి గీతనే చూశాడు. అది అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేల్చి, సూర్యుడి గ్రీకు పేరు ‘హీలియోస్’ మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే దాన్ని భూమి మీద కూడా పట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాదే, 1894లో, రేలీ, రామ్సే కలిసి మనం పీల్చే గాలిలో నూటికి ఒక పాలు దాకా మరో గ్యాసు ఉందని కనిపెట్టారు. అదే ఆర్గాన్. గ్రీకులో ఆ మాటకు సోమరి అని అర్థం.

ఈ సోమరితనమే వెల్డరుకు కావలసింది. కరిగిన లోహానికి గాలి తగిలితే అందులోని ఆక్సిజన్ దాన్ని పాడు చేస్తుంది, అతుకు గుల్లబారుతుంది. హీలియం, ఆర్గాన్ దేనితోనూ కలవవు, మండవు. వాటిని గొడుగులా పట్టి కింద లోహాన్ని కరిగిస్తే అతుకు శుభ్రంగా వస్తుంది. ఈ ఆలోచన పాతదే. గాలి తగలకుండా వేరే గ్యాసులో ఆర్క్ వెల్డింగ్ చేయవచ్చని అమెరికాలోని డెట్రాయిట్ వాసి సి.ఎల్. కాఫిన్ 1890లోనే సూచించాడు. హోబర్ట్, డెవర్స్ అనే ఇద్దరు 1930లో హీలియం, ఆర్గాన్ వాడకం మీద పేటెంట్లు పొందారు. అయితే గ్యాసు ఖరీదు ఎక్కువ, అవసరం తక్కువ. అందువల్ల ఆ పద్ధతి అప్పట్లో పెద్దగా వాడకంలోకి రాలేదు.

విమానం కోసం పుట్టిన టార్చి

అవసరం యుద్ధంతో వచ్చింది. డబ్లిన్‌కు దక్షిణంగా అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో, ఇదే కాలిఫోర్నియాలో హాథార్న్ అనే ఊరుంది. అక్కడ జాక్ నార్త్రప్ 1939లో విమానాల కంపెనీ పెట్టాడు. బరువు తక్కువగా ఉండాలని మెగ్నీషియంతో విమానం కట్టాలన్నది ఆయన పట్టుదల. మెగ్నీషియం అల్యూమినియం కన్నా తేలిక. కానీ దాన్ని అతకడం గగనం. గాలి తగిలితే మండుతుంది. గ్యాస్ వెల్డింగ్‌లో ఫ్లక్స్ పూసి అతికితే ఆ ఫ్లక్స్ మిగిలి తరువాత లోహాన్ని తినేస్తుంది.

ఆ కంపెనీలో పనిచేసే రస్సెల్ మెరెడిత్ దీనికి దారి కనిపెట్టాడు. కరగడానికి సుమారు 3,400 డిగ్రీల సెల్సియస్ వేడి కావలసిన టంగ్‌స్టన్ కడ్డీని ఎలక్ట్రోడుగా పెట్టి, చుట్టూ హీలియం పారేలా ఒక టార్చి తయారు చేశాడు. దానికి 1942లో పేటెంటు వచ్చింది. హీలియంతో వెలిగే ఆర్క్ కాబట్టి దానికి హెలియార్క్ అని పేరు పడింది. పెద్ద వయసు అమెరికా వెల్డర్లు కొందరు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. వాళ్లు హీలియం పేరుతో పిలిస్తే, మనం ఆర్గాన్ పేరుతో పిలుస్తున్నాం. పని ఒక్కటే.

మన ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది. మొదట్లో టంగ్‌స్టన్‌ను కరెంటు ప్లస్ వైపు కలిపారు. అది విపరీతంగా వేడెక్కి, ముక్కలు రాలి అతుకులో పడేవి. మైనస్ వైపు మార్చారు. టంగ్‌స్టన్ చల్లబడింది గానీ, మెగ్నీషియం, అల్యూమినియం పైనుండే ఆక్సైడ్ పొర వదలలేదు. చివరికి ఏసీ కరెంటుతో దారి దొరికింది. ఒక సగంలో పొర ఊడుతుంది, మరో సగంలో టంగ్‌స్టన్ కాస్త చల్లబడుతుంది.

అంటే ఈ పద్ధతికి మొదటి రోజు నుంచీ వేడితోనే గొడవ. మెరెడిత్ టార్చి హక్కులు తీసుకున్న లిండే ఎయిర్ ప్రొడక్ట్స్ కంపెనీ తరువాత గాలితో చల్లబడేవి, నీళ్లతో చల్లబడేవి రెండు రకాల టార్చులనూ తయారు చేసింది. అంటే ఒకటి పాతది, మరొకటి కొత్తది అన్న తేడా లేదు. రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఒకటి చిన్న పనికి, మరొకటి పెద్ద పనికి.

ఇంతకీ ఆ మెగ్నీషియం విమానం ఏమైంది? ఎక్స్‌పీ-56 పేరుతో రెండే రెండు తయారయ్యాయి. మొదటిది 1943లో ఎగిరింది, కొద్ది రోజులకే కూలింది. ఆ తరువాత ఆ ప్రయత్నమే మానుకున్నారు. విమానం పోయినా టార్చి మాత్రం లోకమంతా పాకింది.

అప్పటి డబ్లిన్, అప్పటి క్యాంపులు

అదే 1943లో డబ్లిన్‌లో ఏం జరుగుతోంది? అప్పటికి ఇది పట్టణం కాదు, పొలాలు, పశువుల మేత బీళ్లు. ఆ నేల మీద అమెరికా నౌకాదళం క్యాంప్ పార్క్స్ అనే పెద్ద శిబిరం కట్టింది. అందులో ఉన్నది సీబీలు. అంటే నౌకాదళం 1942లో పెట్టిన నిర్మాణ దళంవాళ్లు. వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు ఇలా పని తెలిసినవాళ్లను ఏరి తీసుకున్నారు. వరసగా బ్యారక్కులు, వరసగా మంచాలు, భోజనానికి క్యూ. పసిఫిక్ దీవుల్లో రన్‌వేలు, రేవులు కట్టడానికి వెళ్లే ముందు, తిరిగి వచ్చాక వాళ్లు ఇక్కడ ఉండేవాళ్లు. ఆ క్యాంపు నేడు సైన్యం శిక్షణ కేంద్రంగా ఉంది. డబ్లిన్ 1982లో నగరమైంది.

ఇక్కడికి వాయవ్యంగా ఉన్న రిచ్‌మండ్ రేవులో అప్పుడు కైజర్ ఓడల యార్డులు రాత్రింబవళ్లు నడిచేవి. యుద్ధకాలంలో అక్కడ 747 ఓడలు తయారయ్యాయి. దక్షిణాది రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు అక్కడ ఒకే మంచాన్ని షిఫ్టుల వారీగా పంచుకుని పడుకున్నారు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. మన పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ ఓడల ఉక్కు పలకలు అతికింది ప్రధానంగా స్టిక్ వెల్డింగ్‌తోనూ, దాని తరహా ఆటోమేటిక్ యంత్రాలతోనూ. హెలియార్క్ అప్పటికి విమానాల ఫ్యాక్టరీల సొత్తు. మెషీన్ల బరువు వందల కిలోల్లో ఉండేది. నీళ్ల టార్చికి పక్కనే కుళాయి ఉండాలి. కుళాయి నీళ్లు టార్చిలోకి వెళ్లి, వేడెక్కి, నేరుగా కాలువలోకి పోయేవి. రోజంతా ఆర్క్ వెలిగే ఫ్యాక్టరీకి అది సరిపోయింది. మామూలు మనిషి ఇంటికి అది అందే వస్తువు కాదు.

టార్చి ఎందుకు వేడెక్కుతుంది?

టార్చికి వేడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఆర్క్ నుంచి టంగ్‌స్టన్ ద్వారా పైకి పాకేది. రెండోది కేబుల్లో కరెంటు పారినందువల్ల పుట్టేది. కరెంటు రెట్టింపయితే కేబుల్లో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. 100 ఆంపియర్ల దగ్గర గోరువెచ్చగా ఉన్న పిడి 200 దగ్గర పట్టుకోలేనంత కావడానికి కారణం ఇదే.

గాలి టార్చిలో ఈ వేడిని మోసుకుపోయేది లోపల పారే ఆర్గాన్, బయటి గాలి. అందుకే దాని కేబుల్లో రాగి ఎక్కువ, కేబుల్ లావు. నీళ్ల టార్చిలో కరెంటు తీగ నీటి గొట్టం లోపలే ఉంటుంది. నీళ్లు ఎప్పటికప్పుడు చల్లబరుస్తాయి కాబట్టి సన్నని తీగ చాలు. తల చిన్నది, గొట్టం మెత్తన, మణికట్టుకు బరువు ఉండదు. కానీ నీళ్లు ఆగిపోతే ఆ సన్నని తీగ తట్టుకోలేదు. పంపు ఆగిన సంగతి చూసుకోకుండా వెల్డింగ్ చేస్తే కాసేపట్లోనే గొట్టం, టార్చి రెండూ కాలిపోతాయి.

ఇక మెరెడిత్‌కు ఎదురైన సంగతే మనకూ వర్తిస్తుంది. డీసీలో టంగ్‌స్టన్‌ను మైనస్‌కు కలిపి ఇనుము, స్టెయిన్‌లెస్ అతికితే వేడిలో సుమారు మూడింట రెండు వంతులు పని మీదకే పోతుంది. ఏసీలో అల్యూమినియం అతికితే దాదాపు సగం టంగ్‌స్టన్ మీద పడుతుంది. కాబట్టి ఒకే ఆంపియర్ల దగ్గర అల్యూమినియం పనిలో టార్చి ఎక్కువ వేడెక్కుతుంది. ‘ఎన్ని ఆంపియర్లు?’ అని అడిగేవాళ్లు ‘ఏ లోహానికి?’ అని కూడా అడగాలి.

ఫ్యాక్టరీ నుంచి గ్యారేజీకి

1980 దశకం నుంచి ఇన్వర్టర్ మెషీన్లు వచ్చాక కథ మారింది. వందల కిలోల ట్రాన్స్‌ఫార్మర్ పోయి, చేత్తో మోసే పెట్టె వచ్చింది. ఇంటి కరెంటు మీద నడిచే 200 ఆంపియర్ల టిగ్ మెషీన్ నేడు మామూలు వస్తువు. నీళ్ల పద్ధతి కూడా మారింది. కుళాయి, కాలువ పోయి, అవే నీళ్లను తిప్పితిప్పి వాడే కూలర్లు వచ్చాయి.

మరో సంగతి. రిఫైనరీల్లో, పైపులైన్లలో పనిచేసినవాళ్లు గుర్తు చేసుకోండి. పైపు రూట్ కొట్టేటప్పుడు సైట్లో ఎక్కువగా వాడేది వాల్వు ఉన్న గాలి టార్చే. ఎక్స్‌రే తీసి పరీక్షించే అతుకులు దానితోనే వేస్తున్నారు. గాలి టార్చితో మంచి అతుకు రాదనే మాటలో నిజం లేదు. అది ఎంతసేపు, ఎంత కరెంటు మోయగలదన్నదే అసలు తేడా.

ఏ నంబరు ఎంత మోస్తుంది?

టార్చి మీద నంబరుకు ముందు డబ్ల్యుపి అనో, ఎస్ఆర్ అనో అక్షరాలుంటాయి. అవి పక్కన పెట్టి నంబరు చూడండి. డీసీలో మామూలుగా చెప్పే లెక్క ఇది:

9 నంబరు: గాలి, చిన్న తల, సుమారు 125 ఆంపియర్లు.
17 నంబరు: గాలి, సుమారు 150 ఆంపియర్లు.
26 నంబరు: గాలి, పెద్ద తల, సుమారు 200 ఆంపియర్లు.
20 నంబరు: నీళ్లు, చిన్న తల, సుమారు 250 ఆంపియర్లు.
18 నంబరు: నీళ్లు, పెద్ద తల, సుమారు 350 ఆంపియర్లు.

ఏసీలో ఇంతకన్నా తక్కువే అనుకోవాలి. ఈ అంకెల పక్కన డ్యూటీ సైకిల్ కూడా చూడాలి. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్క్ వెలిగించి, నాలుగు నిమిషాలు ఆపాలని. చౌక టార్చుల మీద పెద్ద అంకె వేసి డ్యూటీ సైకిల్ 35 శాతమని చిన్న అక్షరాల్లో రాస్తుంటారు.

పనికి ఎంత కరెంటు కావాలో తేలిక లెక్క ఒకటుంది. మిల్లీమీటరు మందానికి ఇంచుమించు 40 ఆంపియర్లు. ఇనుముకు కాస్త తక్కువైనా చాలు. రెండు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టంతో గేటు, రెయిలింగ్ చేయడానికి 80 దాటనక్కర్లేదు. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుకు 120, 125. ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే 200 దాటుతుంది.

మరి మేం చెప్పేదేమిటి?

ఇంటి పని, సరదా పని చేసేవాళ్లు, ఊళ్లో చిన్న షెడ్డు పెట్టుకునేవాళ్లు ముందు 17 నంబరు గాలి టార్చితో మొదలుపెట్టండి. సొంత పనిలో కొలవాలి, కోయాలి, బిగించాలి, తుడవాలి. ఆర్క్ వెలిగే సమయం పది నిమిషాల్లో మూడు నాలుగు నిమిషాలకు మించదు. ఆ మధ్యలో టార్చి దానంతట అదే చల్లబడుతుంది. మెత్తటి కేబుల్ ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా పెట్టండి, చేతికి సుఖం.

పిడి కాలుతోందని గ్యాసు ఎక్కువ వదిలేవాళ్లున్నారు. అది తప్పు. నిమిషానికి ఆరు నుంచి పది లీటర్లు చాలు. మరీ ఎక్కువైతే గ్యాసు సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, అతుకులో బెజ్జాలు పడతాయి. మన దగ్గర దొరికే ఏడు ఘనపు మీటర్ల సిలిండరు నిమిషానికి ఎనిమిది లీటర్ల లెక్కన పద్నాలుగు గంటలకు పైగా వస్తుంది. పదహారు లీటర్లు వదిలితే అందులో సగమే. పిడి కాలితే ఆర్పి కాసేపు ఆగండి.

నీళ్ల టార్చి ఎవరికి? రోజూ అల్యూమినియం పని పట్టేవాళ్లకు, 150 ఆంపియర్లు దాటి గంటల తరబడి ఆర్క్ వెలిగించేవాళ్లకు. రేడియేటర్లు, ఇంజను కవర్లు, లారీ ట్యాంకులు బాగు చేసే షెడ్డుకు అది ఖర్చు కాదు, పెట్టుబడి. అలాంటి పని చేతిలో ఉంటే వెనకాడవద్దు. వేడెక్కిన టార్చితో రోజంతా కుస్తీ పడితే పనీ చెడుతుంది, చేయీ చెడుతుంది.

అయితే నీళ్ల సంగతి చూసుకోండి. బోరు నీళ్లు పోయవద్దు. ఉప్పు నీళ్లు గొట్టాల్లో సున్నంలా పేరుకుని దారి మూసేస్తాయి, కరెంటు కూడా వాటిగుండా పారుతుంది. కూలర్ కంపెనీ చెప్పిన ద్రవం గానీ, అది దొరకకపోతే, కంపెనీ ఒప్పుకుంటే డిస్టిల్డ్ వాటర్ గానీ పోయాలి. కారు రేడియేటరులో పోసే కూలెంట్ పనికిరాదు. నీళ్లు తిరగకపోతే మెషీన్ ఆగిపోయేలా ఫ్లో స్విచ్ ఉన్న కూలరే కొనండి. ఊళ్లో కరెంటు పోయి వస్తుంటే ఇది మరీ ముఖ్యం. చలి దేశంలో ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. అమెరికాలో ఇంకో డబ్లిన్ ఉంది, ఒహాయో రాష్ట్రంలో. అక్కడ చలికాలం గ్యారేజీలో ఉత్త నీళ్లు వదిలేస్తే రాత్రికి గడ్డకట్టి గొట్టం పగులుతుంది. గడ్డకట్టని ద్రవమే వాడాలి.

ఏ టార్చి అయినా తలుపులు మూసిన గదిలో మాత్రం వాడవద్దు. ఆర్గాన్‌కు వాసన లేదు, రంగు లేదు. గాలి కన్నా బరువైనది కాబట్టి గుంటల్లో, ట్యాంకుల్లో నిండి ఊపిరి అందకుండా చేస్తుంది.

ఇప్పుడు గాలి టార్చి కొంటే రేపు పని పెరిగినప్పుడు డబ్బు దండగ అవుతుందేమోనని కొందరి భయం. ఆ భయం అక్కర్లేదు. 17, 26 నంబర్ల గాలి టార్చుల కోలెట్లు, కప్పులు, వెనక మూతలు 18 నంబరు నీళ్ల టార్చికీ సరిపోతాయి. అలాగే 9వి 20కి సరిపోతాయి. కొనే ముందు ఒక వారం పాటు మీరు చేయబోయే పనులన్నీ కాగితం మీద రాయండి. ఏ లోహం, ఎంత మందం, రోజుకు ఎన్ని నిమిషాల ఆర్క్. ఆ కాగితంలో 150 దాటిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటే గాలి టార్చి తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒక సిలిండరు, మంచి హెల్మెట్, నాలుగు కిలోల ఫిల్లర్ రాడ్లు కొనుక్కోండి.